దేని మీదికి ఏది

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను పలాసలో ఒక డాక్టరుగారి దగ్గర పనిచేసేవాణ్ణి. కాశీబుగ్గ రోడ్డులో కింద మందుల షాపు, మేడ మీద రక్తపరీక్షల గది. మధ్యాహ్నం గాలి తిరిగితే జీడిపప్పు ఫ్యాక్టరీల పొగ కిటికీలోంచి నేరుగా గదిలోకి వచ్చేది. కంప్యూటర్ మీద తువ్వాలు కప్పి, పొగ పోయాక తీసేవాళ్ళం.

ఉద్దానం ఊళ్ళలో మనుషుల కిడ్నీలు పాడైపోతున్నాయని అప్పటికే అందరికీ తెలుసు. ఎందుకో ఎవరికీ తెలీదు. మా డాక్టరుగారు కొన్ని వారాలకోసారి ఏదో ఒక ఊరికి మమ్మల్ని పంపి, వచ్చినవాళ్ళందరి రక్తం తీయించి పరీక్ష చేయించేవారు. క్రియాటినిన్ అనే అంకె ఒకటి ఉంటుంది. అది ఒకటి దగ్గరుంటే కిడ్నీ బాగున్నట్టు. పెరిగేకొద్దీ భయం.

రక్తం తీసేదీ, పరీక్ష చేసేదీ, ఆ అంకెలు కంప్యూటర్‌లో కొట్టేదీ అక్క. సొంత అక్క కాదు. టెక్కలి దగ్గర పల్లె ఆమెది, బాప్టిస్టు చర్చి కుటుంబం. నాకంటే పదేళ్ళు పెద్ద. కంప్యూటర్‌ని బతికించి ఉంచడం, ఊళ్ళకి ఐసు పెట్టె మోసుకెళ్ళడం నా పని.

ఆ కంప్యూటర్ చాలా పాతది. విశాఖపట్నంలో ఉద్యోగం చేసే మా బావ దానిలో లినక్స్ వేసి ఇచ్చాడు. బొమ్మలు లేవు, మౌసు లేదు. నల్లటి తెర మీద ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ కొడితే పని జరిగిపోయేది. ఫైలు కూడా ఒక్కటే. ఊరు, పేరు, వయసు, అంకె, పక్కన ఆ మనిషి చెప్పుకున్న బాధ. మనిషికో వరస. కొత్త ఊరు వెళ్ళొచ్చినప్పుడల్లా అడుగున చేరుస్తూ పోవడమే. అక్క తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది, మనిషి ఎలా అంటే అలాగే. 'నడుం పీకతంది', 'అన్నం సయించదు' అని. అంతా అయ్యాక ఆ ఫైలుని ఫ్లాపీలోకి ఎక్కించి డ్రాయరులో పెట్టేది. డిస్కు ఎప్పుడు చచ్చిపోతుందో తెలీదు కాబట్టి అది మా ధైర్యం.

ఆ రోజు నేను కింద షాపులో ఉన్నాను. మెట్ల మీంచి అక్క పిలిచింది. గట్టిగా పిలవలేదు. అందుకే భయం వేసింది.

"తమ్ముడూ, ఓపాలి పైకి రా. ఏటో అయింది."

వెళ్ళేసరికి కుర్చీలో కూర్చోకుండా దాని వెనక నిలబడి ఉంది.

"నిన్న కొట్టిన ఊరు అగుపడ్డం నేదు."

"ఫ్లాపీలోకి ఎక్కించావా?"

"అదే సేసినాను. ఏటీ అన్నేదు. సరిగ్గానే అయిందనుకున్నాను."

తెర మీద ఆమె కొట్టిన ఆజ్ఞ ఇంకా ఉంది. సీపీ, తర్వాత ఒక పేరు, తర్వాత ఇంకో పేరు. సీపీ అంటే నకలు తియ్యమని. ముందు రాసింది మూలం, వెనక రాసింది నకలు చేరే చోటు. అక్క ఆ రెండూ తిరగేసి కొట్టింది. ఫ్లాపీలో ఉన్న పాత ఫైలు వెళ్ళి డిస్కులో ఉన్న కొత్త ఫైలు మీద కూర్చుంది. పేరు ఒకటే. "ఇక్కడ ఇప్పటికే ఒకటుంది, దీని మీద రాసెయ్యనా?" అని ఒక్క మాట అడగలేదు. అడగకపోవడమే దాని పద్ధతి. తప్పు జరిగితేనే నోరు విప్పుతుంది. దాని లెక్కలో అక్కడ తప్పేమీ జరగలేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది.

"మళ్ళీ కొట్టేద్దాం అక్కా, కాగితాలున్నాయి కదా" అన్నాను.

అక్క తల అడ్డంగా ఊపింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. అంకెలు చూపించే మెషీనుకి కాగితం చుట్ట అయిపోయి వారమైంది. విశాఖ నుంచి రావాలి. ఆ ఊరి పరీక్షలన్నీ అక్క మెషీను మీది ఎర్ర అంకెలు చూస్తూ నేరుగా కంప్యూటర్‌లో కొట్టింది. పేరు, వయసు, బాధ రాసి గాజు గొట్టాలకి అంటించిన చీటీలు కూడా, పొద్దున్నే గొట్టాలు కడిగినప్పుడు రక్తంతో పాటే పోయాయి. ఆ ఊరు మేం వెళ్ళడం అదే మొదటిసారి. ఎవరి దగ్గరా పాత చీటీ కూడా ఉండదు.

"అది కాదు తమ్ముడూ" అంది అక్క. "ఎవులిదో ఏడు దాటింది. ఎర్రగా అగుపడింది. కొట్టీసినాను. డాక్టరుగారు రేపెలాగూ సూత్తారు గదా అనీసి ముందుకెల్లిపోనాను. ఎవులిదో గుర్తు రాడంనేదు."

ఏడు. ఆ అంకె ఉన్న మనిషికి అప్పటికే లోపల అంతా పాడైపోయి ఉంటుంది. వెంటనే విశాఖ పంపాలి. ఆ మనిషి ఎక్కడో సముద్రపొడ్డున మామూలుగా తిరుగుతూ ఉంటాడు, లేదా ఉంటుంది. ఆ సంగతి లోకంలో ఒక్క ఫైలుకి తెలుసు. ఆ ఫైలు లేదు.

డాక్టరుగారు శ్రీకాకుళం వెళ్ళారు, సాయంత్రానికి గానీ రారు. నేను ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి బావకి ఫోన్ చేశాను. నేను చెప్పేది సగంలోనే ఆపేశాడు.

"ముందు నా మాట ఇను. ఆ మెషీన్లో ఏటీ రాయకండి. ఒక్క అచ్చరం సేవ్ సెయ్యొద్దు. ఆపొద్దు, మళ్ళీ వేయొద్దు."

"పోయింది కదా బావా, ఇంకేం రాస్తే ఏం?"

"పోనేదురా. ఆ సోటు కాళీ అని బోర్డు పెట్టింది, అంతే. కొత్తోడు దిగీదాకా పాతోళ్ళ సామాను అక్కడే ఉంటాది. నువ్వేటైనా రాస్తే ఆ సోట్లోనే దిగొచ్చు."

డిస్కుని ఇకమీదట చదవడానికి తప్ప రాయడానికి వీల్లేకుండా ఎలా బిగించాలో చెప్పాడు. తర్వాత ఫైళ్ళ సంగతి వదిలేసి మొత్తం డిస్కుని ఈ చివర నుంచి ఆ చివరకి గుడ్డిగా చదివిస్తూ, ఫలానా మాట ఎక్కడ కనిపిస్తే ఆ చుట్టుపక్కలంతా తెర మీద చూపించమనే ఆజ్ఞ ఒకటి చెప్పాడు. అరచేతి మీద రాసుకున్నాను. ఏ మాట వెతకాలన్నది మీకే తెలియాలి అన్నాడు.

తిరిగొచ్చేసరికి కరెంటు పోయింది. యూపీఎస్ కూత మొదలుపెట్టింది. దాని బ్యాటరీ ఎంతసేపు వస్తుందో మాకు ఎప్పుడూ నమ్మకం లేదు. కంప్యూటర్ ఆగి మళ్ళీ లేస్తే తనంతట తానే డిస్కు సర్దుకుంటుంది, ఆ సర్దుడులో ఏం తుడిచిపెడుతుందో దేవుడికెరుక. అక్క కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. నేను ఒక్కొక్క అక్షరం అరచేతిలో చూసుకుని కొట్టాను. వెతకాల్సిన మాట దగ్గర ఆగాను.

"ఊరి పేరు" అంది అక్క కళ్ళు తెరవకుండానే. "ఆ ఊరు ఎప్పుడూ కొట్నేదు గదా. అదొక్కచోటే ఉంటాది."

ఎంటర్ కొట్టాను. డిస్కు గరగరమంది. చాలాసేపు ఏమీ రాలేదు. యూపీఎస్ కూస్తూనే ఉంది. ఇంతలో కరెంటు వచ్చింది. కూత ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో తెర మీద పిచ్చిగీతల లాంటి చెత్త పారింది. ఆ చెత్త మధ్యలోంచి ఊరి పేరు, దాని కింద మళ్ళీ ఊరి పేరు, పేర్లు, వయసులు, అంకెలు.

"అయ్యా, ప్రభువా" అంది అక్క.

దాన్ని ఎక్కడైనా దాచాలి. డిస్కులో రాయకూడదు, ఫ్లాపీలోనే రాయాలి. ఫ్లాపీ లోపలే ఉంది. తెర మీదికి వచ్చేదాన్ని ఒక ఫైల్లోకి మళ్ళించే బాణం గుర్తు కొట్టి, చేతికి అలవాటైన పేరే కొడుతున్నాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"అదే పేరా?"

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ ఫ్లాపీలో ఆ పేరుతో ఉన్నది అంతకు ముందు తిరిగిన ఊళ్ళన్నిటి ఫైలు, డిస్కు చస్తే మిగిలే ఒక్క నకలు. ఆ బాణం కూడా అడగదు. ఉన్నదాన్ని ముందు ఖాళీ చేసి, తర్వాత రాయడం మొదలుపెడుతుంది. ఆ ఫ్లాపీ తీసి అక్క చేతిలో పెట్టాను. మేడ మీంచి దూకినంత వేగంగా దిగి కొత్త ఫ్లాపీ కొనుక్కొచ్చాను.

దాచాక నెమ్మదిగా చదివాం. దాదాపు అంతా దొరికింది. పైన మొదలు మాత్రం లేదు. డిస్కు లోపల చోటంతా గడులు గడులుగా ఉంటుందట, పాత ఫైలు వచ్చి కూర్చున్నప్పుడు దాని తోక ఆగిన గడిలో మిగతా భాగం తుడిచిపెట్టుకుపోయిందట, బావ తర్వాత చెప్పాడు. ఆ గడిలో ఉన్నది కొత్త ఊరి మొదటి ఆరేడుగురు. గడి దాటాక దొరికిన మొదటి వరస సగమే ఉంది. పేరు లేదు, వయసు లేదు. ఉన్నది ఇంతే:

7.4 ఆకలి నేదు వాంతులు. కొడుక్కి సెప్పొద్దు.

దొరకాల్సింది దొరికింది, మనిషి తప్ప.

"కొడుక్కి సెప్పొద్దు అన్నది నాకు గుర్తుంది" అంది అక్క. "మొకం గుర్తు రాడం నేదు. ఇలాటి మాట రోజుకి పదిమంది అంటారు."

సాయంత్రం డాక్టరుగారు వచ్చాక అక్కే అంతా చెప్పింది. ఆయన అరవలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "వరసలో ముందు నిలబడ్డవాళ్ళు. ఊళ్ళో అందరికీ గుర్తుంటుంది. పొద్దున్న మొదటి బస్సుకి వెళ్ళండి. కొడుక్కి చెప్పొద్దన్న మాట మాత్రం ఎవరి ముందూ అనకండి" అన్నారు.

వజ్రపుకొత్తూరు వైపు వెళ్ళే బస్సులో అక్క ఒళ్ళో ఐసు పెట్టె పెట్టుకుని కూర్చుంది. జీడితోటలు, కొబ్బరితోటలు దాటుతున్నాయి. నాకు ఒక్కటే భయం. ఆ మనిషి ఊళ్ళో లేకపోతే? పుట్టింటికో, సంతకో వెళ్ళిపోయి ఉంటే?

తుఫాను షెల్టర్ అరుగు మీద కూర్చుని కబురు పెట్టాం. ఆడవాళ్ళు వచ్చారు. మొన్న ముందు వరసలో ఎవరెవరున్నారని అడిగితే గొడవ మొదలైంది.

"నానే ముందు. నా ఎనకాల ఇది."

"నీ మొకం. నువ్వు మజ్జిలో దూరినావు."

అక్క చెయ్యెత్తింది. "అమ్మా, మీ రక్తం లెక్కలు నా సేతి మీద పోనాయి. మళ్ళీ సూది గుచ్చాల. తప్పు నాదే."

"కంప్యూటర్ తినీసిందేటి?" అని ఒక ముసలావిడ అడిగింది.

"నేదమ్మా. నానే తినిపించినాను."

నవ్వారు. నవ్వి చేతులు చాపారు. వాళ్ళు తిడతారని దారంతా అనుకున్నాను. చెయ్యి చాపినప్పుడల్లా అక్క కొడుకుల సంగతి, ఆకలి సంగతి మామూలుగా అడుగుతున్నట్టు అడిగేది. ఎవరి మాటా ఆ వరసకి అతకలేదు. ఒకే ఒక్క మనిషి మాత్రం రాలేదు. వాళ్ళలో చివర నిలబడినాయన, వలలు బాగుచేసే తాత, ఒడ్డున ఉన్నాడని చెప్పారు.

పడవ నీడలో కూర్చుని వల కుడుతున్నాడు. కాస్త దూరంలో పాతికేళ్ళ కుర్రాడొకడు తాళ్ళు చుడుతున్నాడు. అక్క దగ్గరికి వెళ్ళి, "మావా, మళ్ళీ రక్తం కావాల" అంది.

తాత ఆమె వంక చూడకుండా, "సిన్నగా మాటాడు తల్లీ. మావోడున్నాడు" అన్నాడు.

అక్క ఆయన పక్కన ఇసకలో కూర్చుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూశాను. దొరికాడన్న సంతోషమో, దొరికినవాడు ఈయన అయినందుకు బాధో తెలీదు.

"అంకె బాగా ఎక్కువుంది మావా. ఈరోజే విశాఖపట్నం ఎల్లాల."

"ఎల్లుండి మావోడు వెరావలు ఎల్తన్నాడు. గుజరాత్ బోటు మీదికి. పలాసలో బండి. ఆడు ఎక్కీదాకా ఊరుకో. ఇంటే ఆగిపోతాడు. ఆగితే బోటు సేటు మళ్ళీ పిలవడు."

"ఇది ఆగీ జబ్బు కాదు."

"ఇన్నాల్లు ఆగింది. రెండ్రోజులు ఆగదేటి?" అని చెయ్యి చాపాడు. "గుచ్చు. బండి పోనాక టేసనుకాడ్నించే నీ కాడికొత్తాను. మాట."

పలాస వచ్చి మళ్ళీ పరీక్ష చేసింది అక్క. ఎర్ర అంకె ఏడు దాటింది. బలవంతంగా తీసుకొద్దామా అని అక్క డాక్టరుగారిని అడిగింది. "అతని శరీరం, అతని కొడుకు" అన్నారాయన. విశాఖ ఆసుపత్రికి ఫోన్ చేసి మంచం సిద్ధంగా ఉంచమన్నారు. ఆ రెండు రోజులూ ఫోన్ మోగితే ముగ్గురం ఉలిక్కిపడేవాళ్ళం.

కొడుకు బండెక్కే రోజు నేను కిటికీ దగ్గరే ఉన్నాను. రైలు కూత వినిపించింది. రిక్షాలు, ఆటోలు ఒకటొకటే స్టేషన్ నుంచి వస్తున్నాయి. తాత లేడు. రోడ్డు పలచబడింది. అక్క చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. వెనకే నేను.

ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద తాత ముందుకి వంగి కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన భార్య వీపు నిమురుతోంది. వాంతి చేసుకున్నట్టున్నాడు. కొడుకు వెళ్ళేదాకా నిటారుగా నిలబడి, బండి కదిలాక కూలబడ్డాడట.

"వత్తన్నాను తల్లీ" అన్నాడు అక్కని చూసి. "కాళ్ళు రాడం నేదు."

ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని లేపాం. ఆ తర్వాత వచ్చిన బండిలోనే విశాఖ పంపాం. అక్క కూడా వెళ్ళింది.

తర్వాతి ఆదివారం బావ వచ్చాడు. సీపీ అని కొడితే అది తనంతట తానే సీపీ హైఫన్ ఐ అయ్యేట్టు మార్చాడు. ఇక పేరు కలిస్తే ఆగి, మీద రాయమంటావా అని అడుగుతుంది. అవునని వై కొడితేనే రాస్తుంది. బాణం గుర్తు కూడా ఉన్న ఫైలు మీదికి వెళ్ళకుండా బిగించాడు. నాకు గుండె మీద బరువు దిగినట్టయింది. అది కొన్ని వారాలే. ఒక రోజు అక్క ఫ్లాపీకి ఎక్కిస్తుంటే పక్కనే ఉన్నాను. ప్రశ్న తెర మీదికి రావడం, ఆమె వేలు వై మీద పడడం ఒకేసారి జరిగాయి. చదవలేదు. నేను చూస్తున్నానని గమనించి తనే ఆగిపోయింది.

"సదవకుండా కొట్టీసినాను కదా" అంది.

రోజూ అడిగేదానికి చెయ్యి రోజూ ఒకే జవాబు చెబుతుంది. ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం. ఏ రెండు ఫైళ్ళకీ ఒకే పేరు లేకుండా తేదీ కలిపి పెట్టాం. పాత ఫ్లాపీలన్నిటికీ మూల ఉండే చిన్న తలుపు జరిపి, రాయడానికి వీల్లేకుండా చేశాం. అక్క మాత్రం అంతటితో ఊరుకోలేదు. ఎంటర్ కొట్టే ముందు వేలితో తెర మీద చూపిస్తూ పైకి అనేది: "ఏది? ఇది. దేని మీదికి? దాని మీదికి." కొత్తవాళ్ళు వచ్చి నవ్వినా మానలేదు.

నేను ఆ తర్వాత వేరే ఊళ్ళో, వేరే మెషీన్ల మీద పనిచేశాను. కొత్త మెషీన్ ముందు కూర్చోగానే, ఇది అడుగుతుందా, అడగదా అని ముందు ఒక ఉత్తుత్తి ఫైలు మీద పరీక్షించి చూస్తాను. చాలావాటిలో అడగవు. అడుగుతాయని నమ్మి అడగనిచోట కూర్చోవడం అన్నిటికంటే ప్రమాదం.

తాత విశాఖ నుంచి నీరసంగా, కానీ నడుస్తూ తిరిగొచ్చాడు. వారానికి రెండుసార్లు వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకునేవాడు. వేట ఆగే కాలంలో కొడుకు వెరావల్ నుంచి వచ్చాడు. ఊళ్ళో సంగతి తెలిసి నేరుగా మా మేడ మీదికి వచ్చాడు. వెనకే తాత, మెట్ల దగ్గర ఆగి ఆగి ఎక్కుతున్నాడు.

"నీకు తెలుసు" అన్నాడు అక్కతో. "నాను బండెక్కినరోజు నీకు తెలుసు. ఒక్క మాట సెప్పనేదు."

"తెలుసు" అంది అక్క.

"ఆయన దారిలో పోతే? నానక్కడ సముద్రం మీద, నాకెవులు సెప్తారు?"

మెట్లెక్కి వచ్చిన తాత గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు.

"ఆ గుంటనేటి అడుగుతావురా? నానే వద్దన్నాను. నన్నడుగు."

"నిన్నడిగితే నువ్వు సెప్తావేటి?" అన్నాడు కొడుకు.

అక్క కుర్చీ జరిపి తాతని కూర్చోబెట్టింది. కొడుక్కి కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చింది. అతను తాగలేదు, గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు అంకె ఎంతొచ్చిందని అడిగాడు. అక్క చెప్పింది. ఇప్పుడెంత అని అడిగాడు. చెప్పింది. తాత చెయ్యి చాపాడు, రక్తం తీసే రోజే అది. కొడుకు గ్లాసు కింద పెట్టి, తండ్రి చొక్కా చెయ్యి తనే పైకి మడిచాడు.